మదరాసులో పెరిగిన పురుగు

పోయిన వారం మా పక్కింటావిడ పొద్దున కఫం పరీక్షకి ఇచ్చి వస్తే, సాయంత్రానికల్లా క్షయ అని తేల్చి మర్నాడే మాత్రలు చేతిలో పెట్టారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే ఓదార్చాల్సింది పోయి, "ఒక్క పూటలో తేలిపోయిందా!" అన్నాను. ఆవిడ నావైపు అదోలా చూసింది. అరవై ఏళ్ల నాటి కోపం నాలో ఇంకా చల్లారలేదని ఆవిడకెలా తెలుస్తుంది?

విడవలూరు దగ్గర సముద్రపొడ్డున మాది చేపలు పట్టే కుటుంబం. నాన్న వేటకు వెళ్లొస్తే, చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త ఆ చేపల్ని గంపకెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. గంప నెత్తిమీద ఉండగానే బేరమాడేది, గెలిచేది. ఆమె కేక రెండు వీధుల అవతలికి వినిపించేది. పట్టుబట్టి నన్ను నెల్లూరులో టీచరు ట్రైనింగులో చేర్పించిందీ ఆమే. అలాంటి మనిషి పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక ఎండాకాలం నాలుగడుగులకే గంప దించడం మొదలుపెట్టింది. కాళ్లు వాచాయి, సాయంత్రమయ్యేసరికి జ్వరం కాసేది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే కునుకు తీసేది. చివరికి నాన్న నెల్లూరు ఆసుపత్రికి తీసుకొచ్చి చేర్పించాడు.

గుండె చుట్టూ సంచిలాంటి పొర ఉంటుందనీ, అందులో నీరు చేరిందనీ డాక్టరుగారు చెప్పారు. పొడవాటి సూదితో కొంత తీశారు. సీసాలో పల్చటి టీ రంగులో ఉంది. మైక్రోస్కోపులో ఏ క్రిమీ కనిపించలేదు. "క్షయేనని నా అనుమానం. ఖాయం కాకుండా ఏడాది పైగా మందు ఎలా వాడను? మదరాసు పంపుదాం. అక్కడ కోడిగుడ్డుతో చేసిన మేత మీద ఈ నీరు వేసి, పురుగు పెరుగుతుందేమో చూస్తారు. ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది" అన్నారు.

అత్త ఆయాసపడుతూనే నావైపు తిరిగింది. "ఏందమ్మాయ్, నాకేమో ఉప్పు గూడా వొద్దన్నారు. ఆ పురుక్కి కోడిగుడ్డు పెట్టి సాకతారా?"

ప్రతి శనివారం క్లాసు అవగానే ల్యాబు కిటికీ దగ్గరికి పోయేదాన్ని. అక్కడతను తలెత్తకుండానే "రాలేదమ్మా" అనేవాడు. ఆరో వారం కాగితం వచ్చింది. వేరే క్రిములు కలిసి నమూనా పాడైందట, మళ్లీ పంపమన్నారు. ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచేశాను. "మందు మొదలుపెట్టండి సార్, దండం పెడతా" అని డాక్టరుగారిని బతిమాలాను. "తేలనీ అమ్మా. తప్పు మందిస్తే రేపు నువ్వే నన్ను నిలదీస్తావు" అన్నారాయన. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన మంచివాడు కావడమే నా కోపానికి పెద్ద చిక్కు.

రెండోసారి సూది గుచ్చినప్పుడు అత్త జోకులేమీ వేయలేదు. ఈసారి సీసాను నేనే ఒళ్లో పెట్టుకుని మదరాసు రైలెక్కాను. అక్కడి ల్యాబులో ఒక పెద్దాయన పచ్చటి మేత నింపిన గాజుగొట్టాలు చూపించి, అరవయాస తెలుగులో, "నువ్వు తొందరపడితే అది పెరగదమ్మా, చాలా నింపాది పురుగు" అన్నాడు. ఆ గొట్టాలన్నీ అక్కడే పగలగొట్టాలనిపించింది.

ఇంకో ఏడు వారాలకి పురుగు పెరిగిందని కబురొచ్చింది. క్షయ ఖాయమైందని సంబరంగా వార్డుకి పరుగెత్తినదాన్ని లోకంలో నేనొక్కదాన్నేనేమో! ఆ రోజే మందు మొదలుపెట్టారు. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. కానీ కొన్ని నెలలకి కాళ్లు మళ్లీ వాచాయి. డాక్టరుగారు చాలాసేపు స్టెతస్కోపు పెట్టి చూసి కుర్చీలో కూలబడ్డారు. "నీరు పోయింది. కానీ ఈ లోపల ఆ సంచి మందమెక్కి గుండెను బిగించేసింది. ముందే మొదలుపెట్టాల్సింది. నేనే ఆగాను" అన్నారు.

"పోనీలే సారూ. అది పెరగందే మీరు మాత్రం ఏం జేస్తారు?" అంది అత్త.

ఆమె అంత తేలిగ్గా అనేసిన మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది గానీ గంప మళ్లీ ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని, గంపలతో పోయే ఆడవాళ్లకి ఏ చేప ఎంతకమ్మాలో చెప్పబోయి, సగం మాటలో ఊపిరి కోసం ఆగేది. వాళ్లు గంపలతోనే నిలబడి మిగతా సగం కోసం చూసేవాళ్లు. ఆ పురుగు పెరగడానికి ఎన్ని వారాలు పడుతుందో ఆ రోజుల్లో అందరూ నాకు ఓపిగ్గా చెప్పారు. ఆ వారాలు ఎవరి ఊపిరిలోంచి పోతున్నాయో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.