గుంటలో ఆరు ఇటుకలు

1946 జూన్‌లో నన్ను బెజవాడ నుంచి పామర్రులో ఒక హైస్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వేశారు. హాజరు పట్టీలో నా పేరు తెలుగు పండితుడి కింద, గంట కొట్టే ప్యూను పైన ఉండేది. ప్యూనుకు గంట ఉంది కాబట్టి ఊళ్లో మర్యాద ఆయనకే ఎక్కువ.

నేను అద్దెకు దిగిన గది నేతవారి వీధిలో, నాగభూషణం గారింట్లో. ఆయనకు యాభై ఏళ్లు. ఆ వేసవంతా టైఫాయిడ్‌తో మంచాన పడ్డారు. జ్వరం వదిలింది గాని మోకాళ్లు, తుంటి కీళ్లు పట్టేశాయి. వాళ్లది గుంట మగ్గం. నేతగాడు నేల మీద గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఈయన్ను దింపడానికి ఇద్దరు, ఎక్కించడానికి ముగ్గురు కావలసి వచ్చేది.

అవి నూలు కంట్రోలు రోజులు. ఆడుతున్న మగ్గానికే నూలు కార్డు. శ్రావణంలో ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, మగ్గం ఆగి ఉంటే కార్డు కొట్టేస్తాడు. కార్డు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయన భార్య సీతమ్మ గారు నా గది గుమ్మంలో నిలబడి, "ఊళ్లో పిల్లలందర్నీ గెంతిస్తారు గదండీ మాస్టారూ, మా ఇంటాయన్ని లేపి నిలబెట్టలేరా?" అని అడిగారు.

మద్రాసులో డ్రిల్లు ట్రైనింగులో మాకు నేర్పిన సూత్రం ఒకటే: కీలు ముందు తిరగాలి, తరవాతే బరువు మొయ్యాలి. అందుకని మొదటి వారం చీలమండలు తిప్పించి, పడుకోబెట్టి మోకాళ్లు మడిపించాను. రెండో వారం వీధి అరుగు మీద ఆరు ఇటుకలు పేర్చి, వాటి మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవమన్నాను. పదిసార్లు తేలిగ్గా లేస్తే ఒక ఇటుక తీసెయ్యాలి. ఇటుకలన్నీ అయిపోయేసరికి మనిషి నేల మీంచి లేవాలి. దీనికి నేను బడిలో లాగే గట్టిగా "వన్, టూ" అని కౌంటు ఇచ్చాను. వీధి వీధంతా కూడింది. మూడో రోజుకు వాళ్లూ కౌంటు ఇవ్వడం మొదలుపెట్టారు.

నాలుగో రోజు ఆయన బయటికి రాలేదు. ఇటుకలూ లేవు. నాకు రోషం వచ్చింది. బద్ధకస్తుడికి వైద్యం లేదని సీతమ్మ గారితో అనేశాను. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించారు.

నాగభూషణం గారు తొక్కుడు చెక్కలు విప్పి పక్కన పెట్టి, గుంట అడుగున ఇటుకలు పేర్చుకుని, కూర్చుని లేస్తున్నారు. అప్పటికే ఒక ఇటుక తగ్గింది. నన్ను చూసి, "ఇక్కడైతే పడ్డా పట్టుకోటానికి ఎవరూ అక్కర్లేదండీ. నాలుగు పక్కలా గట్టే. పైగా నవ్వేవాళ్లు లేరు" అన్నారు. నాకు సిగ్గేసింది. ఆయన రోజూ దిగే గుంటలోకి నేను అప్పటిదాకా తొంగి కూడా చూడలేదు. ఆ రోజు నుంచి కౌంటు మానేసి, గుంట పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకసారి తొందరపడి రెండిటుకలు ఒకేసారి తీశారు. మోకాళ్లు వాచి రెండు రోజులు మళ్లీ మంచం ఎక్కారు. తీసిన వాటిలో ఒక ఇటుకను మళ్లీ నేనే పెట్టాల్సి వచ్చింది.

ఇటుకలన్నీ అయిపోయి, తొక్కుడు చెక్కలు మళ్లీ బిగించుకున్నాక, శ్రావణంలో బెజవాడ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భారీ మనిషి, బూట్లు, బెల్టు. నాగభూషణం గారు గుంటలో కాళ్లు దించి మూరెడు గుడ్డ నేసి చూపించారు. ఇన్‌స్పెక్టరుకు నమ్మకం కుదరలేదు. నేస్తున్నాడు సరే, గుంటలోకి దింపిందెవరు అన్నాడు. గుంటలోకి చూద్దామని గొంతుక్కూర్చున్నాడు. చూడడం అయింది, లేవడం కాలేదు. ఒకసారి ప్రయత్నించాడు, బెల్టు అడ్డం వచ్చింది.

నాగభూషణం గారు చేతిలో ఉన్న, పోగు నడిపే నాడె పక్కన పెట్టి, ఒక చెయ్యి గట్టుకు ఆనించి తనంతట తానే పైకొచ్చి, రెండు చేతులూ ఇచ్చి ఆయన్ని లేపారు. సీతమ్మ గారు నా పక్కన చేరి, "ఈయనగారికి ఎన్ని ఇటుకలు పెట్టాలండీ?" అని మెల్లిగా అడిగారు. తొమ్మిదన్నాను. ఇన్‌స్పెక్టరు ప్యాంటు దులుపుకుని, పుస్తకంలో 'మగ్గం ఆడుతున్నది' అని రాసి సంతకం పెట్టాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా, చూడ్డానికి చేరిన వీధి జనంలో ఒక్కరూ నవ్వలేదు. అంత క్రమశిక్షణ నా డ్రిల్లు క్లాసులో ఏనాడూ చూడలేదు.

ఆ తరవాత సర్వీసు అంతా ఒక అలవాటు పాటించాను. ఎవరికైనా వ్యాయామం చెప్పేముందు, వాళ్లు రోజూ ఎక్కడ కూర్చుంటారో, అక్కణ్ణించి ఎలా లేస్తారో వెళ్లి చూసేవాణ్ణి. ఇటుకలు అక్కడే పేర్చాలి.