నాయన కుట్టించుకున్న ఒక్క చెవి

నాకు పుట్టుకతోనే చేట చెవులు. అవి నాయన పోలిక. ఆయన మగవాడు గనుక ఆయన చెవుల జోలికి ఎవరూ పోలేదు, నా వాటిని మాత్రం ఊరంతా పట్టించుకుంది.

అందరికన్నా ఎక్కువ పట్టించుకున్నది మా అవ్వ. పసిగుడ్డుగా ఉన్నప్పుడు నీళ్లు పోసి, చెవులు అణిగేలా తలకు గుడ్డ బిగించి కట్టేదట. దానితో పని కాలేదని, కాస్త పెద్దయ్యాక చెవుల పైఅంచులు కుట్టించి బరువైన బంగారు నగలు వేలాడదీసింది. బరువుకు చెవులు తలకు అతుక్కుంటాయని ఆవిడ నమ్మకం. అవి ముందుకు వంగి ఇంకా విచ్చుకున్నాయి. ఇంత అన్యాయం చేసి, రాత్రి నన్ను పక్కలో పడుకోబెట్టుకుని ఆ చెవులనే నిమిరేది. ఆవిడను కోప్పడడం ఎట్లాగో నాకు తెలిసేది కాదు.

తెల్లదొరల కాలం. పత్తికొండ దగ్గరి మా ఊరి బడిలో ఆడపిల్లలమే తక్కువ. గాలి వీస్తే నేను డోన్ దాకా ఎగిరిపోతానని వెనక వరస పిల్లలు నవ్వేవారు. ఒకనాడు పలక మూల పడేసి, ఇక బడికి పోనని మొండికేశాను. అవ్వ మంచిదే అంది. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. నా చదువు మీద ఆయన ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకప్పుడు తెలిసింది.

కర్నూలు వైపు మిషన్ ఆసుపత్రిలో దొరసాని డాక్టరమ్మ ఇట్లాంటి చెవులను వెనక కోసి సరిచేసి కుడుతుందని చర్చికి పోయే పొరుగువాళ్లు చెప్పారు. రైలెక్కి పోయాం. కోత అనే మాట వినగానే నేను మంచం కోడు పట్టుకుని వదల్లేదు.

మా ఇళ్లలో బిడ్డకు ఏ కషాయం పట్టినా, ముందు పెద్దవాళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తారు. నాయన ఆ పద్ధతిని కత్తికీ పెట్టాడు.

"ముందు నాది కోయమ్మా. నాకు తెలిసినంకనే పాపను పండబెడతా."

డాక్టరమ్మ నవ్వింది, నచ్చజెప్పింది, విసుక్కుంది. చివరికి ఒక్క చెవికి ఒప్పుకుంది. తలకు కట్టుతో, చెమటకు తడిసిన చొక్కాతో నాయన బయటికొచ్చాడు.

"ఏం లేదు పాపా. చీమ కుట్టినట్టు గూడా లేదు. పో."

పోయాను. మత్తు దిగాక రెండు చెవులూ కారం పూసినట్టు మండాయి. అబద్ధాలకోరువని ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. నా కాళ్లు ఒత్తుతూ అన్నీ పడ్డాడు.

కుట్లు విప్పిన రోజు, రెండో చెవి కూడా కుట్టేస్తానని డాక్టరమ్మ పిలిస్తే నాయన చేతులు జోడించి బయటికొచ్చేశాడు. నేను మళ్లీ బడికి పోయాను. దిగబెట్టడానికి ఆయనొస్తే, ఒకటి అణిగి ఒకటి విచ్చుకున్న ఆ చెవులను చూసి ఇప్పుడు పిల్లలు ఆయన్ను ఎగతాళి చేశారు. నాకు కడుపు మండింది. రెండోదీ ఎందుకు చేయించుకోలేదని దారిలో నిలదీశాను.

"నొప్పి తల్లీ, శానా నొప్పి. నీ కోసరమని ఒకటి ఓర్చుకుంటి. నా కోసరం ఇంగొకటి ఓర్చుకోలేను" అన్నాడు.