చెంచాకో మాట: టైఫాయిడ్ మంచం మీద నా వంటింటి ఇంగ్లీషు

ఆ రోజు ఉప్పుచేప వంకాయ పులుసు నాకు కంపు కొట్టింది. అప్పుడే అనుమానించాల్సింది. అనంతగిరి కాఫీ తోటలో మొక్కల నర్సరీ చూసుకునే ఉద్యోగం నాది. మా ఇంట్లో పులుసు పొంగితే రెండు కొండల అవతలున్నా నా ముక్కు పసిగట్టేదని కూలీలు చెప్పుకునేవారు. వాళ్లు చెప్పుకోని రోజున నేనే చెప్పేవాణ్ణి. డెబ్బైల మొదట్లో, వానలు పట్టిన కొత్తల్లో, అలాంటి నేను కంచం పక్కకి జరిపేశాను.

"ఏటి మావా, సేప బాగులేదా?" అంది మా ఆవిడ పైడమ్మ.

"చేప బాగుంది. నేనే బాగులేను," అన్నాను. పెళ్లయిన పదేళ్లలో నేను ఉన్నదాన్ని పెంచకుండా చెప్పిన మొదటి మాట అదే.

నాలుగు రోజులపాటు జ్వరం మెట్లెక్కినట్టు రోజుకింత పైకెక్కింది. నుదుటి మీద కాఫీ గింజలు పోస్తే వేగిపోయేవి. మూడు దుప్పట్లు, వాటి మీద నాలుగు గోనెలు కప్పినా ఒణుకు తగ్గలేదు. తలుపు తీస్తే చాలు, మబ్బు ఇంట్లోకొచ్చి చుట్టంలా మంచం పక్కన కూర్చునేది. దాన్ని నేను పిల్లలెంతమందని అడుగుతుండగా విని, పైడమ్మ తోట జీపు పిలిపించింది.

లోయలో ఒక మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. రేకుల కప్పు కింద ఒకటే పొడుగాటి వార్డు, వెనక రోగుల తాలూకు వాళ్లు వండుకోవడానికొక పాక. డాక్టరమ్మ నాలుక చూసింది, పొట్ట నొక్కింది, బ్లడ్ తీసింది. విడాల్ టెస్ట్ రిపోర్టు రాకముందే "టైఫాయిడ్" అనేసింది. క్లోరాంఫెనికాల్ అనే మందు మొదలుపెట్టి, వచ్చీరాని తెలుగులో పైడమ్మకి చెప్పింది: "పేగులో పుండు. గట్టిది తింటే పేగుకి చిల్లు. బార్లీ, గంజి, గ్లూకోజు. వేరే ఏదీ వద్దు."

వారానికి జ్వరం కొంచెం దిగింది గాని, బార్లీ గొంతు దిగలేదు. నోట్లో పోస్తే పెదాల చివరనుంచి తిరిగొచ్చేసేది. నా చెయ్యి నాకే వేరేవాళ్ల చెయ్యిలా కనిపించేంతగా చిక్కిపోయాను. "మందు ఒక్కటే చాలదు. ఈ మనిషి తినకపోతే కష్టం," అంది డాక్టరమ్మ. అది నాకు వినపడకూడదనుకున్నారు.

అప్పుడు నా మంచం పక్కకి స్టూలు లాక్కుంది నర్సు సిస్టర్ ఆగ్నెస్. కేరళనుంచి వచ్చిన మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు ఇంగ్లీషులో వచ్చిందల్లా లీవు లెటరు. ఆవిడ చేతిలో చెంచా ఉందే, అందులో ఇద్దరు కూర్చుని తెడ్డు వెయ్యొచ్చు.

"వాట్ యూ లైక్ టు ఈట్?" అంది.

"ఫిష్," అన్నాను.

"హౌ కుకింగ్?"

చింతపండు నానబెట్టడం చేత్తో చూపించాను. దానికి ఇంగ్లీషు మాట ఆవిడకి తెలుసు. చెప్పదు. బార్లీ చెంచా చూపించింది. మింగాను. "సోక్," అంది. పిసకడం చూపించాను. ఇంకో చెంచా. "స్క్వీజ్." అలా చెంచాకో మాట చొప్పున పులుసు పొయ్యెక్కేసరికి గిన్నె ఖాళీ. మర్నాడు పనసపొట్టు ఆవకూర, ఆ మర్నాడు రాగిపిండితో చోడి అంబలి, అన్నీ మాటల్లోనే. ఏం చెప్పినా ఆవిడ ఊరుకోదు, "హూ?" అంటుంది. ఎవరు నానబెట్టారు? ఎవరు రుబ్బారు?

"మై వైఫ్."

"హూ కట్స్?"

"మై వైఫ్."

"అండ్ యూ?"

"ఐ ఈట్."

పదేళ్లుగా తిన్న పులుసులో నా వంతు ఎంతో ఆ రోజే తెలిసింది. మంచం పక్కన చాప మీద కూర్చున్న పైడమ్మకి వైఫంటే తనేనని రెండో రోజుకే అర్థమైంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కొంగు సర్దుకునేది.

మధ్యాహ్నాలు కిటికీలోంచి మబ్బు వచ్చి మంచాల కాళ్లు కప్పేసేది. మంచాలన్నీ నూనెలో పూరీల్లా తేలేవి. "గ్రైండ్" అని గొణిగితే ఎక్కడో రుబ్బురోట్లో పొత్రం తిరిగేది. "సిమ్మర్" అంటే రేకుల మీద వాన చిన్నదైపోయేది. సగం కలలో, సగం ఇంగ్లీషులో, ఒక ఊరికంతటికీ సరిపడా విందు వండించాను. అందులో మెతుకు కూడా నాకు దక్కలేదు.

మూడో వారంలో అసలు ఆకలి వచ్చింది. అది పులి. ఒక మధ్యాహ్నం పైడమ్మ బట్టలుతకడానికి కింద పారే గెడ్డకి వెళ్లింది. గోడ పట్టుకుని నేను వెనక పాకలోకి చేరాను. పక్క మంచం తాతగారి భార్య, కొండమీద గూడెం ఆవిడ, నిప్పుల బూడిదలో పనసపిక్కలు కాలుస్తోంది. ఆ కొండల్లో పొయ్యి దగ్గర కూర్చున్నవాడికి వాటా పెట్టాల్సిందే. పెట్టమంటావా అని అడగడమే తప్పు. "నాకూ పెట్టు మామ్మా," అని నేనే అడిగితే ఇంక చెప్పాలా?

"తిను బాబూ, బయట సల్లగుంది," అని దోసిట్లో పోసింది.

నాలుగే తిన్నానని ఇక్కడ మొదట రాసి కొట్టేశాను. పదకొండు.

రెండు గంటల్లో పొట్ట డోలులా ఉబ్బింది. మెలితిప్పే నొప్పి. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "పెర్ఫొరేషన్ అయితే, పేగుకి చిల్లు పడితే, ఇక్కడ ఆపరేషన్ లేదు. విశాఖపట్నం దింపాలి. జీపు తియ్యండి." బయట కుండపోత. ఘాట్‌లో చెట్లు పడ్డాయని పొద్దున్నుంచీ చెప్పుకుంటున్నారు. ఆ కుదుపులకి దారిలోనే పోతానేమోనని ఆవిడ మొహంలో కనిపించింది.

"ఏం తిన్నావు?"

"గంజేనండి," అన్నాను.

అప్పుడే తడిబట్టలతో వచ్చిన పైడమ్మ ఆ మాట విని కూలబడింది. "నూకలు సరిగా ఉడకలేదమ్మా. బేగి దింపీసినాను. నానే సంపుకున్నాను."

నేను మాట్లాడలేదు. ఇన్నేళ్లకీ నన్ను కుట్టేది పొట్టనొప్పి కాదు, ఆ ఊరుకోవడమే.

సిస్టర్ ఆగ్నెస్ స్టూలు లాక్కుంది. నా నాడి పట్టుకుని, రోజూ అడిగినట్టే మెల్లగా అడిగింది. "టుడే వాట్ కుకింగ్?"

నోరు దానంతటదే తెరుచుకుంది. "జాక్ సీడ్. ఫైర్. యాష్. వెయిట్."

"హూ ఈట్స్?"

"ఐ ఆస్క్. ఐ ఈట్. ఎలెవన్. మై వైఫ్ నో గివ్. మై వైఫ్ వాష్ క్లోత్స్."

తెలుగులో నేను ఎంత కథైనా అల్లగలను. ఆ ఇంగ్లీషులో కడగడం, నానబెట్టడం, రుబ్బడం ఉన్నాయిగాని, దాచడం సిస్టర్ నేర్పలేదు.

పనసపిక్కలు పొట్టలో ఏం చేస్తాయో కేరళ మనిషికి ఒకరు చెప్పాలా? సిస్టర్ డాక్టరమ్మ చెవిలో ఏదో చెప్పింది. డాక్టరమ్మ మళ్లీ పొట్టంతా నొక్కి చూసింది. "సాఫ్ట్. రిజిడిటీ లేదు, బిగుసుకోలేదు. పల్స్ బాగుంది. గ్యాస్ కావచ్చు. వెయిట్ చేద్దాం, పల్స్ పెరిగితే జీపే." జీపు గుమ్మంలోనే నిలబడింది. సిస్టర్ నాడి వదల్లేదు. చీకటి పడకముందే గ్యాస్ వెళ్లింది. ఆ మోతకి రేకుల మీద వాన కాసేపు ఆగి విన్నది.

"ఇది లక్కు," అంది డాక్టరమ్మ. "ఇంకోసారి తింటే చిల్లే."

పైడమ్మ రెండు రోజులు గంజి గిన్నె స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. మూడోనాడు గంజి తాగిస్తూ అడిగింది. "ఆయమ్మకి నా గురించి ఏటి సెప్పినావు?"

"నువ్వు బట్టలుతుకుతున్నావని."

"మరి ఆయమ్మ నాకేసి సూసి కళ్లెందుకు తుడుసుకుంది?"

గిన్నె అందుకుని ఆఖరి చుక్కదాకా తాగాను.

ఇప్పుడు రాళ్లు తిని అరిగించుకుంటున్నాను. నా ఇంగ్లీషు మాత్రం వంటింటి గుమ్మం దాటలేదు. తోట చూడ్డానికి ఎవరైనా పెద్ద అధికారి వస్తే, కాఫీ గింజని వాష్, సోక్, డ్రై, రోస్ట్ అని పులుసులాగే చెబుతాను. కడిగిన మనిషి పేరు ముందు చెబుతాను.

మంచం మీదున్నవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. డాక్టరు ఏం తిన్నావని అడిగితే సిగ్గుపడకండి. ఏది, ఎన్ని, ఎప్పుడు, ఎలా వండింది, ఎవరు అడిగి తిన్నది, అన్నీ చెప్పండి. ఆ జవాబు కూడా ఒక టెస్ట్ రిపోర్టే.

ఇదంతా పైడమ్మకి చదివి వినిపించాను. పులినీ చెంచానీ విని నవ్వుకుంది. చివర్లో అంది: "మిగతాయి నీ ఇష్టం మావా. ఆ పదకొండు మాత్రం మార్సకు."