లేత గంధం

మా తోడల్లుడు ముందుగదికి రంగు వేయించాక నాకు ఆకలి మందగించింది. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. రోగం ఏ గోడ మీద ఉందో నాకు తెలుసు.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. ఒంగోలుకి కాస్త ఎడంగా ఉన్న ఒకే ఊళ్లో మా ఇళ్లు, మధ్యలో ఒక్క సందు. ఆయనది మిరప, పొగాకు వ్యవసాయం. నాది హైస్కూల్లో తెలుగు పాఠం. ఆయన ట్రాక్టరు చూసి గానీ, గేదెలు చూసి గానీ నేనెన్నడూ కుళ్లుకోలేదు, అవి నాకు లేవు గనక. ముందుగది మాత్రం నాకూ ఉంది. అదే చిక్కు.

ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లొచ్చిన మా ఆవిడ చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"అబ్బ, ఏం రంగండీ! గోడలకి నలుగుపెట్టి స్నానం చేయించినట్టుంది. బావగారికి ఎంత చూపండీ!"

మా కాపురం మొత్తం మీద నా చూపు గురించి ఆవిడ మాట్లాడింది నేను కళ్లజోడు పోగొట్టుకున్నప్పుడే. ఆ మాట ఆవిడ చేతే, నా గదిలో నిలబెట్టి, నా గురించి అనిపించుకోవాలని అప్పుడే నాకు పట్టుదల పుట్టింది.

మర్నాడు నేనూ వెళ్లాను. వాళ్లింటి ఎదుట ఖాళీ స్థలం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తుమ్ముకుంటూ దాటి లోపలికి వెళ్లి చూద్దును కదా, నిజమే. గోధుమరంగే గానీ, దాని లోపలినుంచి సిగ్గుపడుతున్నట్టు ఒక లేత ఎరుపు.

"ఏం రంగు అన్నయ్యా ఇది?"

"డబ్బా మీద లేత గంధమని ఉంది తమ్ముడూ. మీ వదిన వేలు పెట్టి చూపించింది, నేను తెచ్చాను. నాకేం తెలుసు?"

తెలియకుండానే ఇంత బాగా కుదిరిందంటే నాకింకా మండింది. ఆయన గోడకి గంధం, నా కడుపులో గంధకం.

ఒంగోలు వెళ్లి రంగుల కొట్లో అట్టలు తిరగేశాను. బిస్కెట్టు, మీగడ, తడి ఇసుక, ఎండుగడ్డి, లేత గంధం. పక్కపక్కన పెడితే కవలపిల్లలు, విడదీస్తే అంతా ఒకటే పిల్ల. లేత గంధం పాలెక్కువైన టీలా వెలవెలబోతోంది. ఇందులో ఆ సిగ్గేదీ? ఆయన అసలు పేరు దాచాడని తేల్చుకున్నాను. తోడల్లుళ్లలో తోడు తక్కువ, అల్లుడు ఎక్కువ.

చిన్న చిన్న డబ్బాలు తెచ్చి మా ముందుగది గోడ మీద మచ్చలు పెట్టాను.

"ఇవన్నీ ఒకటేగా?" అంది మా ఆవిడ.

"సరిగ్గా చూడు."

"సరిగ్గా చూస్తే ఇంకా ఒకటే."

ఇక రోజూ ఒంటిపూట బడి కాగానే మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లడం, ఆ రంగు కళ్లలోంచి ఒలికిపోకుండా సందు దాటి పరుగున రావడం. "ఏం మరిదిగారూ, ఈమధ్య మామీద ప్రేమ ఎక్కువైంది!" అంటూ వదినగారు మజ్జిగ ఇచ్చేది. మజ్జిగ తాగుతూ గోడని తాగేవాణ్ణి. చివరికి కాస్త ఎరుపు కలిసిన గులాబీ ఇసుక అనే రంగుని ఖాయం చేసి, గదంతా వేయించాను.

నలుగుపెట్టినట్టు లేదు, వడదెబ్బ తగిలినట్టుంది.

"ఏవండీ, పళ్లపొడి రంగు తెచ్చారేంటి?" అంది మా ఆవిడ.

సరిగ్గా ఆ రోజుల్లోనే తోడల్లుడు కాయలు గోనె టిక్కీలకెత్తించి గుంటూరు మిర్చియార్డుకి పంపించేశాడు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఎదుటి స్థలం ఖాళీ. గోడ మీద ఎరుపూ ఖాళీ. మిగిలింది అచ్చంగా లేత గంధం, కొట్లో నేను కాదన్న టీ. ఇన్నాళ్లూ ఎండ కాయల మీద పడి, ఆ ఎరుపు కిటికీలోంచి గోడకెక్కిందన్నమాట. మిరప ఊళ్లో పుట్టి పెరిగిన వాణ్ణి. ఘాటు నా ముక్కుకి తెలిసింది గానీ, కంటికి తట్టలేదు.

లోపల చిన్న పండగ. నా గది ఎలా ఉంటేనేం, ఆయనదీ వెలిసిపోయింది! మా ఆవిడ నోటివంక చూస్తూ నిలబడ్డాను.

"కాయలున్నప్పుడే కళగా ఉండేది కదే?" అంది వదినగారు.

"ఇప్పుడే బాగుందక్కా, కళ్లకి హాయిగా. అయినా కాయలున్నన్నాళ్లూ నువ్వు దొరికావా, ఎప్పుడు చూసినా తాలుకాయలు ఏరుకుంటూ బయటే!" అంటూ మా ఆవిడ చాప మీద కాళ్లు చాపుకుంది.

తోడల్లుడు నావైపు తిరిగాడు. "మీ గది ఎట్లా కుదిరింది తమ్ముడూ?"

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే అందుకుంది. "చాలా బాగా కుదిరింది బావగారూ. ఈయనే ఎంచారు."

ఆ అబద్ధం నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆవిడ మాత్రం అక్క పక్కనుంచి లేవలేదు. కాసేపు చూసి నేనొక్కణ్ణే ఇంటికొచ్చాను. గదిలో ఇంకా రంగు వాసన పోలేదు. పళ్లపొడి గోడకెదురుగా కుర్చీ వేసుకుని, ఆవిడ వచ్చేసరికి నేను ఎదురుగా దొరకాలని వీధితలుపు బార్లా తీసి ఉంచాను.