ఒకే నంబరు, రెండు చేలు

ఎవరిదో మోటారు కాలింది. రాగితీగ మీది వార్నిష్ మాడిన వాసన కిటికీలోంచి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. నరసరావుపేటలో నేను అద్దెకుంటున్న గది కింద మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది కాబట్టి ఈ వాసన నాకు కొత్త కాదు. కానీ ఆ ఉదయం నా ముందున్న పని అలాంటిది కావటంతో షంషాద్ ఆపా గుర్తొచ్చింది.

మా కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను మోటార్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే సర్వీస్ సెంటర్లు వాడతాయి. వాటికి వచ్చే ప్రతి ఫిర్యాదూ ఒక టికెట్. ఇకమీదట ఆ టికెట్లను మనుషులకు బదులు ఏఐ ఏజెంట్ చూసుకుంటుందట. అక్కర్లేని టికెట్లను తొలగించే టూల్ ఒకటి దాని చేతికిస్తున్నారు. దాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో రాయటం నా వంతు. ఏజెంట్ నా రాత చదివి అలాగే చేస్తుంది. తొలగించిన టికెట్ ఇక తిరిగి రాదు. హైదరాబాదు నుంచి మేనేజర్ పంపిన సూచన మాత్రం ఒక్కటే వాక్యం: ఒకే ఫోన్ నంబరు నుంచి ఒకే రోజు రెండు టికెట్లు వస్తే రెండోది తీసేయాలి. అక్కడ కూర్చుని చూస్తే ఎంత సబబుగా ఉందో!

నా మొదటి ఉద్యోగం మాచర్లలో, బోరు మోటార్ల సర్వీస్ సెంటర్‌లో. ఫోన్లెత్తి ఫిర్యాదులు కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. ఆపా నా పైఅధికారి. ఆవిడకు ప్రపంచంలో ప్రతిదీ వింతే. మోటారు ఆగిపోయిందని నూజెండ్ల నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు వాన పడిందా అని, తర్వాత ఏం పంట వేశారని, ఆఖరికి ఈ పూట ఏం కూర అని అడిగేది. "మాటలు తగ్గించండి ఆపా" అని ఓనరు విసుక్కుంటే, "అడగందే ఎట్టా తెలుసుద్దండీ?" అని నవ్వేది. ఆవిడ అడుగుతుంటే ఎవరూ నొచ్చుకోగా నేను చూడలేదు.

వాన జాడలేని ఒక ఆషాఢం పొద్దున వెల్దుర్తి వైపు నుంచి రెండు ఫిర్యాదులు వచ్చాయి. మెకానిక్ కోటయ్య స్క్రీన్‌లోకి తొంగిచూశాడు. "ఒకే నంబరు, ఒకే ఊరు. రెండూ ఒకటే. ఒకటి కొట్టెయ్యమ్మా" అన్నాడు. నేను తీసేయబోతుంటే ఆపా నా చెయ్యి పట్టుకుంది.

"ఉండవే. ఒకే మనిషి గంటలో రెండుసార్లు ఎందుకు రాయిస్తాడు? ఏంది కథ?"

"తొందరపడి చేసుంటాడు ఆపా! దానికి కథేముంది?" అన్నాడు కోటయ్య.

"ఉందో లేదో ఆయన్నే అడుగుదాం. ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోద్ది?"

ఫోనెత్తిన రైతు తాపీగా చెప్పాడు. "ఒకటి నాది మేడం. ఇంకోటి మా పక్కచేను మంగమ్మత్తది. ఆమెకి ఫోను యాడుంది? మా బజారు మొత్తానికీ ఈ నంబరే. ఆమె మిరపనారు చానా వాడిపోయింది, ముందు ఆమెది చూడండి."

కోటయ్య గొణుక్కుంటూనే బండి తీశాడు. సాయంత్రానికల్లా మంగమ్మ మోటారు నీళ్ళు పోసింది. ఆపా నా చెయ్యి పట్టుకోకపోతే, ఎవరూ ఎందుకు రాలేదో తెలియకుండానే ఆ మనిషి ఎండిపోతున్న నారు పక్కన కూర్చుని ఎదురుచూసేది. ఎవరి మీదా కోపగించుకోవటానికి కూడా వీల్లేకుండా పోయేది.

ఇప్పుడు అలాంటి రెండో టికెట్ కొట్టేసేది యంత్రం. దాని చెయ్యి పట్టుకోవటానికి ఉన్నది నా రాత ఒక్కటే. మేనేజర్ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "ఫోన్ నంబరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకరే అనుకోవద్దు. పల్లెల్లో ఒక ఫోను చాలామందికి పనికొస్తుంది. రెండు టికెట్లూ పూర్తిగా చదువు. పేరు గాని, చేను గాని, మోటారు గాని వేరైతే తొలగించవద్దు. ఏదీ తేలకపోతే ఆగి, సిబ్బందిని ఫోన్ చేసి కనుక్కోమను."

"ఇంత చాంతాడంత ఎందుకండీ?" అన్నాడు ఫోన్‌లో మేనేజర్. పరీక్ష పెట్టి చూద్దామన్నాను. ఒకే నంబరుతో రెండు టికెట్లు సృష్టించి ఏజెంట్‌కు ఇచ్చాం. పాత వాక్యంతో రెప్పపాటులో రెండోది మాయం చేసింది. కొత్త రాతతో ఆగింది. ఇవి ఇద్దరివి కావచ్చు, ఫోన్ చేసి కనుక్కోండి అని సిబ్బందికి రాసిపెట్టింది. మేనేజర్ "సరే, ఉంచండి" అన్నాడు.

సంతోషం పట్టలేక మాచర్లకు ఫోన్ చేశాను. ఆపా ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటోంది. అంతా విని, "మరి ఫోనెత్తినోళ్ళు ఏమన్నారంట?" అంది.

"అది ఉత్త పరీక్షే ఆపా. అందులో నిజం మనుషుల్లేరు."

"నిజం మనుషుల కాడికి ఎప్పుడు పోద్ది?"

"ఈ సాయంత్రం."

"అయితే అప్పుడు చెప్పు, వింటా."

నా పని అయిపోయింది. దాని ముఖం మళ్ళీ చూడమని ఎవరూ అడగరు. అయినా ఆ సాయంత్రం లాప్‌టాప్ మూయలేదు. ఎక్కడో ఎవరో ఫోనెత్తి ఏమంటారో తెలుసుకోకుండా లేవబుద్ధి కాలేదు. ఆపా దగ్గర నాకు అంటుకున్నది ఇదే. టీ పెట్టుకుని, ఫోన్ చేశాక సిబ్బంది టికెట్‌లో ఏం రాస్తారోనని స్క్రీన్ ముందు కూర్చున్నాను.