భీమేశ్వరరావు కుదురుగా కూర్చున్న రోజు

భీమేశ్వరరావుకు ఉన్న జబ్బు ఒక్కటే. కూతురు ఫుట్‌బాల్ ఆడుతున్న చోట ఆయన కుదురుగా కూర్చోలేడు. ఆఫీసులో కూర్చుంటాడు, పెళ్లి పందిట్లో కూర్చుంటాడు, సీఫ్ మాల్‌లో భార్య చెప్పులు ఎంచుకుంటుంటే బెంచీ మీద పూటంతా కిమ్మనకుండా కూర్చుంటాడు. గ్రౌండుకు తీసుకెళ్లారో, ఆయన చేతిలో ఉన్నదేదైనా కింద పడాలి, లేదా ఆయనే కింద పడాలి.

కూతురు సహస్ర గోల్‌కీపరు. బహ్రెయిన్‌లో ఆడపిల్లల పోటీలు ఎక్కడ జరిగినా ఆ పిల్ల పేరు వినిపిస్తుంది. తల్లి విజయలక్ష్మి స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. కళ్లజోడు ముక్కు మీదికి దించి చూస్తే చాలు, ఆఖరి బెంచీ దాకా గప్‌చుప్. అంత హుందా అయిన మనిషికి దేవుడు ఈ మొగుణ్ణి ఎందుకు కట్టబెట్టాడో హూరాలో వాళ్ల బిల్డింగు వాచ్‌మన్‌కి కూడా అంతుబట్టలేదు.

ఒకసారి రిఫాలో మ్యాచ్. బంతి సహస్ర తల మీదుగా వెళ్లి గోల్లో పడింది. జనం ఇంకా "అయ్యో" అంటూనే ఉన్నారు, ఇంతలో ఏడు రంగుల గొడుగు ఒకటి గాల్లో తేలుతూ గ్రౌండు మధ్యకు వచ్చి వాలింది. దాని వెనక ప్యాంటు ఎగదోసుకుంటూ భీమేశ్వరరావు. రిఫరీ విజిల్ వేశాడు. రెండు జట్ల పిల్లలూ కడుపు పట్టుకుని నవ్వారు.

"ఎండ లేదు, వాన లేదు. గొడుగెందుకు తెరిచారండీ?" అంది విజయలక్ష్మి పళ్ల బిగువున.

"తెరుచుకుంటుందో లేదోనని చూశానే."

ఇంకోసారి బంతి సహస్ర కాళ్ల సందులోంచి జారిపోయింది. వెంటనే వెనక వరసలో దబ్బున చప్పుడు. చూస్తే భీమేశ్వరరావు కుర్చీతో సహా వెల్లకిలా పడున్నాడు. రెండు కాళ్లూ ఆకాశంలో ఉన్నాయి.

"కుర్చీ కాలు బలహీనం విజయా."

"మీ పక్కాయన మీకు రెండింతలున్నాడు. ఆయన కుర్చీ బాగానే ఉందే!"

"అదృష్టవంతుడు."

పెనాల్టీ పడిన రోజున ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి. మామూలు తుమ్ములు కావు. గోలు కొట్టిన పిల్ల సంబరం ఆపి మరీ ఇటు చూసింది. ఒక బహ్రెయినీ పెద్దాయన "సలామాత్, సలామాత్" అని అరబ్బీలో పరామర్శిస్తూ నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. భీమేశ్వరరావు సీసా అందుకుని, ఆయన మొహం మీదే ఇంకోటి తుమ్మి, క్షమాపణ చెప్పుకుని, మళ్లీ తుమ్మాడు.

"నాన్నా, నువ్వు మ్యాచ్‌కి రావద్దు. నా పరువు పోతోంది," అనేది సహస్ర ఇంటికొచ్చాక.

"అలాగేనమ్మా," అనేవాడు. తర్వాతి మ్యాచ్‌కి అందరికంటే ముందు ఆయనే తయారు.

ఇదంతా ఇంటి గొడవగానే ఉండిపోయేది, మధ్యలో కాలేజీ సంగతి రాకపోతే. ఆట బాగా ఆడే పిల్లల్ని అమెరికా కాలేజీల కోచ్‌లు ఏరికోరి తమ జట్లలోకి తీసుకుంటారు. కాకపోతే వాళ్లంతట వాళ్లు వచ్చి తలుపు తట్టరు. మనమే ఉత్తరాలు రాయాలి, ఆట వీడియోలు పంపాలి, ఫలానా రోజున మా అమ్మాయి ఆడుతోంది చూడండి బాబూ అని వెంటపడాలి. ఆ పని విజయలక్ష్మి నెత్తికెత్తుకుంది. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన బాగుందన్నాడు. ఇంకొకాయన వేరే పిల్ల పేరు రాసి, నీ ఆట నాకెంతో నచ్చిందన్నాడు.

వీడియో తయారు చేస్తున్నప్పుడు ఆవిడ గుండె గుప్పిట్లో పెట్టుకుంది, ఎక్కడ భర్త తుమ్ములు వినబడతాయోనని. సహస్ర ఎగిరి బంతులు పట్టినవన్నీ కత్తిరించి అతికించింది. చిత్రంగా అందులో ఒక్కచోట కూడా ఆయన చప్పుడు లేదు. అంతా వెంకన్న దయ అనుకుంది.

చివరికి ఒక కోచమ్మ నుంచి అసలైన జవాబొచ్చింది. గల్ఫ్ స్కూళ్ల పోటీలు చూడ్డానికి తానే బహ్రెయిన్ వస్తోందట. సహస్ర ఆట దగ్గరుండి చూస్తుందట. ఆవిడ జట్టులో గోల్‌కీపరుకు ఉన్నది ఒకే ఒక్క చోటు. దాని కోసం దోహాలో ఇంకో పిల్లను చూసి మరీ వస్తోంది.

"ఇది తప్పితే ఇంక ఆట మానేస్తానమ్మా. గ్లవ్స్ ఎవరికైనా ఇచ్చేస్తా," అంది సహస్ర. ఆ మాట అన్న తీరు చూసి విజయలక్ష్మికి ఆ పూట అన్నం సహించలేదు.

దానికి తోడు సహస్రకు ఆట నేర్పే ముబషిర్ పిలిచి మరీ ఒక మాట చెప్పాడు. ఆయనది నిజామాబాద్.

"మేడం, ఏమనుకోకుండ్రి. ఆళ్లు పోరినొక్కదాన్నే చూడరు. అమ్మానాయనల్ని గూడ చూస్తరు. లొల్లి జేసే పేరెంట్స్ ఉంటె ఖలాస్, పేరు కొట్టేస్తరు. జర సార్‌ను..."

"అర్థమైంది ముబషిర్ గారూ."

"సార్ దిల్ మంచిదే మేడం. గా గొడుగే..."

"అర్థమైందండీ."

ఇంటికి రాగానే విజయలక్ష్మి భర్తను సోఫాలో కూలేసింది. సహస్రను పక్కన నిలబెట్టింది.

"దాని తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టండి. శుక్రవారం ఏం జరిగినా సరే లేవను, అరవను, పడను, పడెయ్యను అని."

"ఒట్లెందుకే? నోటిమాట చాలదా?"

"పెట్టండి."

"తుమ్మొస్తే?"

"మింగండి!"

భీమేశ్వరరావు కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. పిల్ల మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ పిల్లకే కీడని ఆయన నమ్మకం. విజయలక్ష్మి లెక్కల టీచరే అయినా ఈ విషయంలో ఆవిడదీ అదే నమ్మకం.

శుక్రవారం వచ్చింది. బయల్దేరే ముందు ఆవిడ ఆయన జేబులు వెతికింది. గొడుగు బీరువాలో పెట్టి తాళం వేసింది. చేతిలోంచి జారిపడుతుందని టీ ఫ్లాస్కు వంటింట్లోనే వదిలేసింది. గ్రౌండులో ప్లాస్టిక్ కుర్చీలున్న వైపుకు పోనివ్వకుండా సిమెంటు మెట్ల మీద అన్నిటికంటే పై మెట్టున కూర్చోబెట్టింది. మ్యాచ్ అయ్యాక పిల్ల తినడానికి తెచ్చిన పులిహోర క్యారేజీ తన ఒళ్లోనే పెట్టుకుంది. కింద కంచె దగ్గర నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కోచమ్మ నిలబడి ఉంది.

మొదటి సగం గోల్సు లేవు. భీమేశ్వరరావు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు. బంతి అటు వెళ్లినా ఇటు వచ్చినా విజయలక్ష్మి మాత్రం ఆయన్నే చూస్తోంది.

రెండో సగంలో అవతలి పిల్ల ఒకతి దూరం నుంచి మెల్లగా తన్నింది. చిన్నపిల్లలు కూడా పట్టే బంతి. సహస్ర వంగి రెండు చేతులతో అందుకుంది. అందుకున్నదల్లా గ్లవ్స్‌లోంచి జారి, నిదానంగా దొర్లుకుంటూ గీత దాటింది.

గ్రౌండంతా ఒక్కసారి "ఓహ్" అంది. ఆ తర్వాత అటువైపు నుంచి నవ్వులు. ఫోన్లు పైకి లేచాయి. "అంత తేలిక బంతి!" అని వెనక ఎవరో అన్నారు. రెండు స్తంభాల మధ్య సహస్ర ఒక్కతే నిలబడి ఉంది. అంత పెద్ద గ్రౌండులో చూడ్డానికి ఇంకేమీ లేనట్టు ప్రతి కన్నూ ఆ పిల్ల మీదే ఉంది.

విజయలక్ష్మి అలవాటు కొద్దీ చెవులు గట్టిగా మూసుకుంది, పక్కనుంచి ఏ చప్పుడు వస్తుందోనని. రాలేదు. తిరిగి చూసింది. భీమేశ్వరరావు పెదాలు బిగపట్టి కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

కింద సహస్ర తల ఎత్తి మెట్ల వైపు చూస్తోంది. వెతుకుతోంది. నాన్న కనబడ్డాడు. కదలడం లేదు. పిల్ల మొహం ఇంకా వాడిపోయింది.

అప్పుడు తట్టింది విజయలక్ష్మికి. గొడుగు ఎగిరింది గోలు పడ్డాక. కుర్చీ తిరగబడింది గోలు పడ్డాక. తుమ్ములు వచ్చింది గోలు పడ్డాక. పిల్ల బంతి పట్టిన రోజున ఈ మనిషి ఎప్పుడైనా కింద పడ్డాడా? ఆవిడ ఆయన భుజం పట్టి కుదిపింది.

"ఏవండీ! ఒట్టు తీసి గట్టున పెట్టాను. కానివ్వండి!"

"ఏం కానివ్వనే? గొడుగు లాక్కున్నావ్, ఫ్లాస్కు లాక్కున్నావ్. ఇదేమో సిమెంటు మెట్టు, విరిగి చావదు!"

"తుమ్మండి!"

"రావట్లేదే!"

ఇంక ఆలోచించడానికి వ్యవధి లేదు. విజయలక్ష్మి, స్కూల్లో గొంతు పెంచి ఎరగని విజయలక్ష్మి, ఒళ్లోని క్యారేజీ తీసి మెట్ల మీదికి వదిలేసింది. అది మెట్టు మెట్టుకూ ఒక గంట కొట్టుకుంటూ దొర్లింది. గిన్నెలు విడిపోయి తలో దారి పట్టాయి. పులిహోర కింది మెట్ల మీద కూర్చున్నవాళ్ల టోపీల మీద అక్షింతల్లా పడింది.

"అయ్యో, నా పులిహోరా!" అని ఆవిడ పెట్టిన కేక పక్క వీధిలో కార్లు కడుగుతున్నవాళ్లకు కూడా వినబడింది. అంత గొంతు తనలో ఉందని ఆవిడకే తెలియదు.

గ్రౌండంతా ఇటు తిరిగింది. ఫోన్లూ ఇటే తిరిగాయి. ఆవిడ క్లాసు పిల్లలు నోళ్లు తెరిచారు. సహస్ర చూసింది. పడేసింది నాన్న కాదు, అమ్మ! గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. రెండు చేతులూ చరుచుకుని తన చోటికి వెళ్లి నిలబడింది. ఆ తర్వాత ఆ పిల్లను దాటి ఒక్క బంతి కూడా పోలేదు. అయినా ఆ ఒక్క గోలుతోనే మ్యాచ్ ఓడిపోయారు.

మొగుడూ పెళ్లాలు వంగి మెట్ల మీద మెతుకులు ఏరారు.

"ఎప్పట్నుంచి ఇది?"

"చిన్న క్లాసులో గోలు పడితే పిల్లలంతా నవ్వారు చూడు, అది మంచం దిగలేదు చూడు, అప్పట్నుంచి. మిగతావాళ్ల తప్పులు ఆటలో కలిసిపోతాయి విజయా. గోల్‌కీపరు తప్పొక్కటే అందరికీ కనబడుతుంది. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీస్తాం కదా, నేనూ అంతే అనుకో."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే దానికి చెబుతావు. తెలిశాక దానికి నవ్వెక్కడొస్తుందే?"

ఇంతలో కోచమ్మ మెట్లెక్కి రావడం కనబడింది. మొగుడు నాశనం చేస్తాడని విజయలక్ష్మి భయపడింది, చివరికి చేసింది తాను.

"నువ్వు నోరెత్తకు. పడేసింది నేనని చెబుతా," అన్నాడు భీమేశ్వరరావు. అని ముందుకు నడిచి, ఇంగ్లీషులో తప్పంతా తన మీద వేసుకున్నాడు. వెనక నుంచి విజయలక్ష్మి కాదు కాదు నేనని అరిచింది. గ్లవ్స్ ఊడదీస్తూ పరుగున వచ్చిన సహస్ర, వాళ్లిద్దర్నీ ఏమీ అనొద్దని అడ్డం నిలబడింది.

కోచమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఏం పడింది? నేను చూడలేదే," అంది. గోలు పడ్డాక ఆవిడ ఎప్పుడూ గోల్‌కీపరు మొహమే చూస్తుందట. దాన్ని చూడ్డానికే ఇంత దూరం వస్తుందట. దోహా పిల్ల మంచి ఆటగత్తే గానీ, గోలు పడ్డాక మళ్లీ తలెత్తలేదట. "నీ కెరీర్‌లోనే అతి చెత్త గోలు అది. నువ్వు నవ్వావు. ఎలా?" అని అడిగింది.

సహస్ర, చేతుల నిండా మెతుకులతో నిలబడిన అమ్మానాన్నల్ని చూపించింది. వారం తిరక్కుండా కోచమ్మ ఫోన్ చేసి, ఆ చోటు సహస్రదేనంది.

ఆ శుభవార్తకు పై అంతస్తులో ఉండే కళ తమ ఫ్లాటులో తెలుగువాళ్లందరికీ భోజనాలు పెట్టింది. కళకు మనసు మంచిదే, నోరే ఊరుకోదు. "అమ్మాయి సంగతి సరే, అమ్మగారి వీడియో చూశారా?" అంటూ ఫోన్ తీసింది. "అయ్యో, నా పులిహోరా!" అని అందులోంచి కేక. గదంతా ఘొల్లుమంది. ఇంకోసారి వేయమన్నారు. ఇంకోసారి వేసింది. అందరి కళ్లూ విజయలక్ష్మి మీద పడ్డాయి. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి, కళ్లజోడు తీసి పమిటతో తుడవడం మొదలుపెట్టింది, అది ఎంతకీ శుభ్రం కాలేదు.

సరిగ్గా అప్పుడే వెనక భళ్లున చప్పుడైంది. మజ్జిగ గ్లాసులు, ట్రే, వాటితో పాటు భీమేశ్వరరావు కూడా పడ్డట్టే ఉంది. జనమంతా అటు పరుగెత్తారు. "ఏం లేదండీ, ట్రే కాస్త బలహీనం," అంటున్నాడు ఆయన.

విజయలక్ష్మి వెనక్కి తిరిగి చూడలేదు. కళ్లజోడు పెట్టుకుంది. "తుడిచే గుడ్డ ఎక్కడుందో చెప్పండి కళగారూ, మా ఆయన పని నేనే చూసుకుంటాను," అని కొంచెం గర్వంగానే అడిగింది.