నాలుగు పిస్టన్లు, మూడు అంగళ్ళు

మా ఇంట్లో కట్ట కట్టిన సరుకును కట్టగా కొనేవాళ్ళం కాదు. కొత్తిమీరైనా, తమలపాకులైనా, అగరొత్తులైనా నాయన ముందు దారం విప్పేవాడు. "కట్టినోడు నడుమ కుళ్ళింది పెట్టకుండా కట్టడప్పా. నేను కట్టినా అదే సేస్తా" అనేవాడు, నవ్వకుండా. మదనపల్లెలో మాది చిల్లర అంగడి. పలక పట్టకముందే నాకు బేరం పట్టుబడింది. ధర విని పెదవి విరవడం, వెనక్కి తిరిగి నడవడం, నడుస్తూ చెవి మాత్రం అక్కడే వదిలేసి రావడం, ఇవన్నీ మా ఇంటి చదువులు. యాభై దాటినాక ఆ చదువంతా తీసుకుపోయి ఒక పాత కారు ఇంజన్‌లో పోశాను. ఒళ్ళు ఇంకా నొప్పిగానే ఉంది.

కారును కుప్పంలో కొన్నాను. రెండు తలుపులు, రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. ఒకప్పుడు బెంగుళూరులో పందేలకు పోయిన బండి అని అమ్మినాయన చెప్పాడు. అమ్మేవాడు చెప్పే చరిత్రకు నేనెప్పుడూ దుడ్లివ్వను. బండికి మాత్రమే ఇచ్చి, దాన్ని నడుపుకుంటూ ఇంటికి బయల్దేరాను. పుంగనూరు దగ్గర ఒక మిట్ట ఎక్కుతుంటే, చౌడేపల్లె నుంచి పాల క్యాన్లతో వచ్చే ఆటో ఒకటి నన్ను దాటిపోయింది. క్యాన్ల మధ్య కూర్చున్న ఆయన వెనక్కి తిరిగి, జబ్బు మనిషిని చూసినట్టు నన్ను చూశాడు. ఆ చూపు నాకు అరగలేదు. ఇంజన్ విప్పి, కొత్తగా కట్టి, దానికి బలం పెంచాలని అప్పుడే అనుకున్నాను.

అంగడి పక్కన మాకొక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు బియ్యం మూటలు వేసుకునేవాళ్ళం. కారు అందులోకి పోయింది. ఇంజన్ దూలానికి గొలుసుతో వేలాడింది. దాని కింద ట్రేలు, బోల్టులు, కిరసనాయిలు వాసన. నేను అక్కడే ఉండిపోయాను.

మా ఇంటామె బడిపిల్లల యూనిఫాంలు కుట్టిస్తుంది. ఆమెతోపాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వసారాలో మిషన్లు వేసుకుని కూర్చుంటారు. ఎండ జరిగేకొద్దీ వాళ్ళు మిషన్లు ఈడ్చుకుంటూ నీడ వెంబడి జరుగుతుంటారు. సాయంత్రానికి మూడు మిషన్లూ మెట్ల మీదికి వచ్చేవి. కారుకు మాత్రం పొద్దంతా నీడే. ఈ అన్యాయం నాకు కనిపించలేదని చెప్పను. కనిపించినా, గొలుసు మీద ఇంజన్ ఉన్నప్పుడు మనిషి అవతలి పక్కకు చూడడు.

ఒకరోజు ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"బడులు తెరిసే లోపల నాకు ఈ షెడ్డు కావాల. ఈ తూరి గుడ్డ ఎక్కువ వచ్చుండాది. వసారాలో సాలదు."

"మరి బండిని యాడ పెట్టేది మే?"

"అది నువ్వు సూసుకో. ఎండకూ వానకూ బయట పెడితే నిలస్తాదా? నిలవదంటే అమ్మెయ్."

అమ్మడం అనే మాట వినగానే నాలో వ్యాపారి లేచాడు. సగం షెడ్డు ఇస్తానన్నాను.

"సగం షెడ్డులో సగం మిషన్ పెట్టి సగం చొక్కాలు కుట్టేదా?"

ఆమెది పుంగనూరు. వాళ్ళ నాయనది గుడ్డల అంగడి. ఆయన ఒక ధర చెప్పి, గుడ్డ మడిచి, వేరే పని చూసుకునేవాడు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషితో పెళ్ళైనప్పటి నుంచీ బేరాలాడుతున్నాను. ఒక్కటీ గెలిచింది లేదు. అయినా వదలను. ఆరోజూ వదల్లేదు. ఇంత చేసింది ఇంకొంచెం చేయనీ, బండి బలమెంతో చూసి మాట్లాడు అన్నాను.

ఆమె కాసేపు ఇంజన్‌ను చూసింది. "సరే. హార్సిలీ కొండ కింద నుంచి పైదాకా. నువ్వూ నేనూ కూసోని. యాడా నిలవకుండా ఎక్కితే షెడ్డు నీది. మళ్ళా అడగను. నడుమ నిలిచిందంటే బండి బయటికి."

"బస్సు అడ్డమొస్తే?"

"బస్సు కోసం నువ్వు నిలిపితే లెక్కలో లేదు. దానంతట అది నిలిస్తే లెక్క."

వసారాలో ఇద్దరూ మిషన్లు ఆపి వింటున్నారు. సాక్షులు కూడా ఉన్నారు కాబట్టి ఒప్పుకున్నాను.

బలం పెంచడమంటే చెప్పడానికి తేలికే. ఇంజన్ లోపల పెట్రోలూ గాలీ ఎంత గట్టిగా నలిగితే, అంటుకున్నప్పుడు అంత గట్టిగా తంతుంది. అందుకోసం ఇంజన్ పైమూతను, అంటే హెడ్డును, లేత్ పనివాళ్ళ దగ్గర కొంచెం చెక్కించాను. సిలిండర్లను తొలిపించాను. తల ఉబ్బెత్తుగా ఉండే పిస్టన్లు నాలుగు కావాలి. మదనపల్లెలో స్పేర్ పార్టులమ్మే ఒకాయన దగ్గర పాత స్టాకు దొరికింది. నాలుగూ ఒకే డబ్బాలో, నూనె కాగితంలో చుట్టి ఉన్నాయి.

"నాలుగూ తీస్కోప్పా. ఇవి జతగా వచ్చినవి" అన్నాడాయన.

నాకు ఆ మాట కట్ట కట్టినవాడి మాటలాగే వినపడింది. నడుమ కుళ్ళింది ఏదో ఉంటుంది. రెండే చాలన్నాను. "మిగతా రెండూ నేనేం సేసుకోవాల? సెవులకు కమ్మలు సేయించుకోవాల్నా?" అని ఆయన అరిచాడు. వెనక్కి తిరిగి నడిచాను. పిలిచాడు. డబ్బా విప్పించి రెండు ఏరుకున్నాను. ఏరుకోవడంలో ఏం చూశానో ఇప్పటికీ నాకు తెలియదు. వంకాయలు ఏరినట్టు ఏరాను.

మూడోది పుంగనూరులో దొరికింది, మూసేయబోతున్న ఒక అంగట్లో. జత తప్పిన సరుకు ఎవరికీ అక్కర్లేదు, నాలాంటివాడి కోసమే అది అరల మీద కాచుకుని ఉంటుంది. నాలుగోదాని కోసం కుప్పం పోయాను. అక్కడ పాత సామాన్ల ఆయన దుమ్ము ఊది చేతిలో పెట్టాడు. నాలుగూ ఒకే కొలత, ఒకే ఆకారం. కొలబద్ద పెట్టి చూసుకున్నాను, వెంట్రుక తేడా లేదు. మూడు ఊళ్ళలో మూడు బేరాలూ నావే. బస్సు చార్జీల సంగతి మా ఇంటామె అడిగింది. బేరం గెలిచినవాడు బస్సు చార్జీలు తలుచుకోడు.

ఇంజన్ కట్టాను. ఆ వేసవిలో నా భుజాలు నా భుజాలుగా లేవు. గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. అంగట్లో చక్కెర తూస్తుంటే, "సేయి కడుక్కోని వెయ్యప్పా, మా ఇంట్లో పాయసం నల్లగా వస్తాండాది" అని ఒకామె అన్నది. రేకుల కింద వేడికి నూనె కంటే నేనే ఎక్కువ కారాను.

ఇంజన్‌ను మళ్ళీ బండిలోకి దింపి తాళం తిప్పగానే అంటుకుంది. మొదట సంతోషమే. తరవాత కొంచెం ఆక్సిలరేటర్ తొక్కాను. బండి మొత్తం గజగజ వణికింది. అద్దం ఊగింది. గోడ మీది స్పానర్లు గలగలమన్నాయి. వసారాలోంచి ఒకామె, "ఏమన్నా, పిండిమర పెట్టినావా? రేపు రాగులు తేవాల్నా?" అని కేకేసింది.

ప్లగ్గులు మార్చాను. కార్బొరేటర్ విప్పి కడిగాను. ఇంజన్ కూర్చునే రబ్బర్లు మార్చాను. ఆ రబ్బర్ల కోసం మళ్ళీ గొలుసు, మళ్ళీ ఎత్తడం, మళ్ళీ దింపడం. వణుకు పోలేదు. చివరికి ఓపిక నశించి ఇంజన్ మళ్ళీ మొత్తం విప్పాను. ట్రేలన్నీ నిండిపోయాయి. చేతిలోని పిస్టన్ ఎక్కడ పెట్టాలో తెలియక అంగట్లోకి వచ్చి, ఎదురుగా ఉన్న తూకం మిషన్ మీద పెట్టాను. తరవాత దాన్ని తీసి ఇంకోటి పెట్టాను, కేవలం చోటు కోసం. మిషన్ మీది అంకె మారింది.

నేను అక్కడే నిలబడిపోయాను. మూడోది పెట్టాను. అంకె మళ్ళీ మారింది. కుప్పంది అన్నిటికంటే బరువు. మదనపల్లెలో కొన్న రెండూ ఒకే తూకం తూగాయి. ఆ డబ్బాలోని నాలుగూ అలాగే తూగి ఉండేవి. జత అంటే అదీ. ఇంజన్ లోపల అంత వేగంగా ఎగిరి పడే నాలుగు ముక్కల్లో ఒకటి బరువైతే, మంచం మోసే నలుగురిలో ఒకడు కుంటివాడైనట్టే. మా ఇల్లు నిలబడిందే తూకం మీద. పొద్దు లేచినప్పటి నుంచీ తూకం తప్ప వేరే పని చేయని మనిషిని, కొలత చూశాను, ధర చూశాను, తూకం మాత్రం చూడలేదు.

అప్పుడే చక్కెర కోసం వచ్చినాయన తూకం మీది పిస్టన్‌ను చూసి, "ఇది కేజీ లెక్కనా, విడి లెక్కనా అప్పా?" అన్నాడు.

"విడిగానే కొనింటి. అందుకే ఈ గతి" అన్నాను.

డబ్బా ఆయన దగ్గరికి పోయాను, మిగిలిన రెండింటి కోసం. అమ్ముడైపోయాయి. ఆయన ఖాళీ డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు. తిట్టుంటే బాగుండేది.

ఇక మిగిలింది ఒకటే దారి. బరువైనవాటిని లోపలి నుంచి ఆకురాయితో రాకి, అన్నిటికంటే తేలికైనదానితో సమానం చేయడం. ఎక్కువ రాకితే పలచబడి పగులుతుంది. కొంచెం రాకడం, తూయడం, మళ్ళీ రాకడం. మా తూకం మిషన్‌కు అంత సన్న తేడాలు తెలియవు. పక్క అంగడి నగలాయన తన త్రాసు వాడుకోనిచ్చాడు, పొడి రాలకుండా కింద గుడ్డ పరిచి. "బంగారు పొడి అయింటే గుడ్డ నాకు తిరిగిచ్చేవాడివి కాదు గదప్పా" అని ఒక మాట కూడా అన్నాడు. నవ్వడానికి ఓపిక లేక తలూపాను. వేళ్ళు మొద్దుబారాయి. కళ్ళ ముందు వెండిలాంటి పొడి. ఎందుకు చేస్తున్నానో ఒక్కోసారి గుర్తుండేది కాదు. వసారాలో మూడు మిషన్లు మెట్ల మీదికి జరిగే చప్పుడు వినపడినప్పుడు గుర్తొచ్చేది.

ఈసారి ఇంజన్ అంటుకున్నాక స్పానర్లు గలగలమనలేదు. వసారాలోంచి ఎవరూ ఏమీ అనలేదు. అదే మెప్పుగా తీసుకున్నాను.

బడులు తెరవడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఒక పొద్దున టాపు మడిచి, ఇద్దరం బయల్దేరాం. ఆమె తలకు చెంగు చుట్టుకుని, ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. కొండ కింద ఒక్క క్షణం ఆపాను. "ఈడ్నుంచి లెక్క" అన్నది.

మొదటి మలుపుల్లో బండి నా చేతుల్లో ఉండనంది. తొక్కితే చాలు, వీపు సీటుకు అంటుకుపోయేది. ముందున్న జీపును దాటాం. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, "మెల్లిగా పో అయ్యా, నిలవొద్దంటిని గాని ఎగరమని సెప్పలేదు" అన్నది. మాటలో నవ్వుంది. ఆ నవ్వు కోసం ఇంకొంచెం తొక్కాను.

కొండ సగం దాటాక మీటరులో ముల్లు పైకి లేవడం చూశాను. వేడి. ఇంజన్‌కు బలం పెంచినవాడు దాన్ని చల్లార్చే రేడియేటర్‌ను కూడా పెద్దది చేయాలి. పాతది కంటికి బాగానే కనిపించింది, బాగున్నదాన్ని మార్చడం మా ఇంటా వంటా లేదు. లోపల ఎవరో రాళ్ళు ఊపినట్టు టకటకమని మొదలైంది. కాలు తీసి మెల్లగా పోనిచ్చాను. ఆమెతో ఏమీ చెప్పలేదు. ఒక మలుపులో బానెట్ కింద నుంచి తెల్లగా ఆవిరి లేచి, బండి ఒక్కసారి దగ్గి, నిలిచిపోయింది.

నేను దిగి చక్రానికి రాయి పెట్టాను. ఆమె దిగలేదు.

"దిగు మే, సల్లారనీ."

"నేను దిగితే, నేను దిగినందుకే నిలిచిందంటావు. నేను దిగను. ఇందా నీళ్ళు."

నీళ్ళ సీసా అందించింది. చల్లారడానికి చాలాసేపు పట్టింది. ఎర్రమూతి కోతులు గోడ మీద కూర్చుని మమ్మల్ని చూశాయి. నా నోట్లో మాటలు తయారవుతూనే ఉన్నాయి. నిలిచింది నిజమే, కాని సగం దాటినాక. నిలిచింది వేడికి, బలం లేక కాదు. రేడియేటర్ ఒక్కటి మార్చి మళ్ళీ ఒకసారి. ఇలాంటివి ఒక డజను. వాటిలో రెండైనా ఏ అంగడివాణ్ణైనా మెత్తబరిచేవే.

నీళ్ళు పోశాను. తాళం తిప్పితే అంటుకుంది. మిగతా కొండ మెల్లగా ఎక్కింది. పైన నీడలో ఆపి, బెంచీ మీద కూర్చున్నాం. ఆమె తలకు చుట్టిన చెంగు విప్పుకుంది. నేను మాట్లాడతానని ఎదురుచూసింది. నాకు తెలుసు. ఆమె మొహంలో కూడా అలసట కనిపించింది, నా బేరం వినడానికి సిద్ధపడుతున్న అలసట. ఎన్నేళ్ళుగా ఆ మొహం పెట్టుకుని నా మాటలు వింటున్నదో ఆ బెంచీ మీదే చూశాను.

"రేపు షెడ్డు ఖాళీ సేస్తా" అన్నాను.

"రేడియేటర్ అదీ ఇదీ అంటావనుకుంటి."

"అనేవాణ్ణే. రెక్కలు పడిపోయినాయి మే."

ఆమె లేచింది. టీ రెండు తెచ్చింది.

మరుసటి రోజు కారును వీధిలో, గోడ పక్కన పెట్టాం. వసారాలోని ఇద్దరూ వెనక నుంచి తోశారు. షెడ్డు కడిగితే నూనె మరకలు పోలేదు, వాటి మీదే గోనెపట్టాలు పరిచి మిషన్లు పెట్టుకున్నారు.

ఎండకూ వానకూ వీధిలో నిలవదని బండిని అమ్మకానికి పెట్టాను. కారు అడగడానికి రామసముద్రం నుంచి టమాటా మండీలో పనిచేసే ఒకాయన వచ్చాడు. నేను మొదటే తగ్గించి చెప్పాను. వేడెక్కుతుందని, రేడియేటర్ మార్చుకోమని, పిస్టన్లు మూడు అంగళ్ళవని కూడా చెప్పాను. ఆయన బండి చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. కింద పడుకుని చూశాడు.

"ఇంత సౌకగా ఇస్తాండావు, తప్పులన్నీ నువ్వే సెప్తాండావు. ఇంగా ఏందో దాస్తాండావప్పా."

"ఏమీ లేదు."

"లేదంటాండావంటే ఉండాదన్నట్టే."

పోవడానికి తిరిగాడు. ఆ నడక నాకు తెలుసు, నేనే కనిపెట్టినంత బాగా తెలుసు. పిలవలేదు. నిజంగానే పోయేటట్టున్నాడు. అంతలో షెడ్డులోంచి, నోట్లో దారం పెట్టుకునే, మా ఇంటామె అన్నది:

"అన్నా, నేను దాంట్లో కొండెక్కొచ్చినా. ఒకసారి నీళ్ళడిగింది, ఇచ్చినాం, ఎక్కింది. కావాలంటే తీస్కోని పో. వద్దంటే దారికి అడ్డం నిలబడొద్దు, గుడ్డ మూటలు వచ్చే వేళయింది."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. దుడ్లు తీశాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. రెండో గేరు కొంచెం ఆలస్యంగా వేశాడు, నా పళ్ళు బిగుసుకున్నాయి. వణుకు మాత్రం లేదు, చప్పుడు సమంగా ఉంది. అది నేను చేసిన పనే. లోపల మూడు మిషన్లు ఆడుతున్నాయి. ఆమె తలెత్తకుండా, "అంగట్లో ఎవరో పిలుస్తాండారు, సూడు" అన్నది.

పోయాను.